కారు కారుతోంది!

గరాజ్ కబుర్లు

పోయిన ఉగాది సంచికలో స్నో బ్లోవర్‌తో నేను పడ్డ పాట్లు రాశాను కదా. అది చదివిన మిత్రులు కొందరు పిక్నిక్‌లో నన్ను పట్టుకుని, "ఈసారైనా కాస్త పనికొచ్చేది రాయండి మాస్టారూ" అన్నారు. వారి కోరిక తీర్చడానికేనేమో, ఆ భగవంతుడు మా గరాజ్‌లోనే ఒక కథకు శ్రీకారం చుట్టాడు. అవధరించండి.

మాకొక పాత వాన్ ఉంది. 2006 మోడల్. కంపెనీ పేరెందుకు లెండి, పంతొమ్మిదేళ్ళు నమ్మకంగా తిరిగిన బండిని వయసు మీద పడ్డాక పేరు పెట్టి తిట్టడం మర్యాద కాదు. 1,87,000 మైళ్ళు తిరిగింది. పిల్లల కారు సీట్లు, పాల సీసాలు, సంఘం కార్యక్రమాలకు పులిహోర గిన్నెలు, పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనానికి వెళ్ళే బంధుగణం, అన్నీ అందులోనే. రెండో వరస సీటు కింద 2013 నాటి సాంబారు మరక ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మా పుత్రికారత్నానికి హౌటన్‌లోని మిషిగన్ టెక్‌లో సీటు వచ్చినప్పుడు, ఈ వాన్ ఆమెకివ్వాలని ఇంటిల్లిపాదీ తీర్మానించాం. మేముండే నోవై నుంచి హౌటన్‌కు 500 మైళ్ళకు పైనే. మధ్యలో మాకినాక్ వంతెన దాటాలి. ఆ తరువాత గంటల తరబడి అడవి, అక్కడక్కడా ఫోన్ కూడా పలకదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మే నెలలో ఒక ఉదయం గరాజ్ నేల మీద రూపాయి బిళ్ళంత తడి కనిపించింది. రోజ్ మిల్క్ రంగు. వేలితో ముట్టుకుంటే జిగటగా ఉంది, తియ్యటి వాసన. హుడ్ ఎత్తి చూస్తే కూలెంట్ సీసాలో మట్టం కింది గీత కన్నా దిగువన ఉంది.

"ఏమైంది నాన్నా?" అంది మా అమ్మాయి.

"కారు కారుతోంది" అన్నాను.

"కార్ కారింగా?" అని పడీ పడీ నవ్వింది. తెలుగు బడిలో ఆరేళ్ళు చదివించిన ఫలితం ఆ ఒక్క క్షణంలో కనిపించి నాకూ ముచ్చటేసింది. ఆ నవ్వులో అసలు సంగతి కొట్టుకుపోయింది.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు. పని చేసేది కార్ల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసే చోట. ఉంటున్నది ప్రపంచానికి కార్లు నేర్పిన డిట్రాయిట్ పక్కన. ఇన్ని ఉండి, ఇంజన్‌ను కంప్యూటర్ తెర మీద చూసినంతగా హుడ్ కింద ఎన్నడూ చూడలేదు. పెళ్ళి భోజనాల గురించి పుస్తకం రాసినవాడికి పప్పు వండడం రాకపోతే ఎలా ఉంటుందో, అలాగన్నమాట.

కాబట్టి నేను చేసిన మొదటి వైద్యం, ఒక గ్యాలన్ కూలెంట్ కొని సీసా నింపడం. రెండు వారాలకు మట్టం మళ్ళీ తగ్గింది. మళ్ళీ నింపాను. జూన్‌లో కాస్త ధైర్యం చేసి, మరక సరిగ్గా దేని కింద పడుతోందో చూశాను. రేడియేటర్ కింది గొట్టం కింద! దొంగ దొరికాడనుకుని కొత్త గొట్టం, కొత్త బిగింపులు కొని, రెండు శనివారాలు, నాలుగు వేళ్ళ చర్మం ఖర్చు పెట్టి మార్చాను. మూడో రోజు అదే చోట అదే రోజ్ మిల్క్ మరక. ఇక విసుగొచ్చి, పాత పద్ధతికే దిగాను. అందరూ పడుకున్నాక గరాజ్‌లోకి వెళ్ళి సీసా నింపి రావడం అలవాటైపోయింది. మా శ్రీమతి అడిగితే "నేను చూస్తున్నాలే" అన్నాను. నిజమే, చూస్తూనే ఉన్నాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

జూలైలో ఒక శనివారం అందరం లాన్సింగ్ బయలుదేరాం. వాన్ అమ్మాయి నడుపుతోంది. నేను పక్క సీట్లో ఫోన్ చూసుకుంటున్నాను. ఐ-96 మీద బ్రైటన్ దాటాక, "నాన్నా, ఈ ముల్లు ఎప్పుడూ మధ్యలో కదా ఉంటుంది?" అంది. తలెత్తి చూసేసరికి ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దగ్గరికి వెళుతోంది. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల సిగ్నల్ వేసి, జాగ్రత్తగా రోడ్డు వారగా ఆపి, ఇంజన్ కట్టేసింది. హుడ్ సందుల్లోంచి ఆవిరి. ట్రక్కులు పక్క నుంచి దూసుకుపోతుంటే వాన్ ఊగిపోతోంది.

నేను దిగి, హుడ్ ఎత్తి, చేతికి తువ్వాలు చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాను. అప్పుడు మా నాన్నగారి చెయ్యి గుర్తొచ్చింది.

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. ఆయన కుడి చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ ఉంటుంది. షెడ్డులో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ ఆయన చెప్పే మొదటి పాఠం ఒక్కటే: "మూత మీద చెయ్యి వేసే ముందు నా చెయ్యి చూడు." చిన్నప్పుడు వంద సార్లు విన్నాను. విన్నవాణ్ణి విన్నట్టే వదిలేశాను. ఇంకో మాట కూడా చెప్పాలి. ఎనిమిదో తరగతిలో స్కూలు వార్షికోత్సవానికి వస్తానంటే, "పొడుగు చేతుల చొక్కా వేసుకుని రండి నాన్నా" అని అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు. ఉక్కపోతలో పొడుగు చేతుల చొక్కాలోనే వచ్చి వెనక వరసలో కూర్చున్నారు.

ఐ-96 పక్కన నిలబడి మూత మీంచి చెయ్యి తీసేశాను.

ఎందుకు తీయాలో కాస్త వివరంగా చెబుతాను, ఇది మన ఇళ్ళలో అందరూ తెలుసుకోవలసిన సంగతి. కూలెంట్ అంటే సగం నీళ్ళు, సగం ఇథిలీన్ గ్లైకాల్ అనుకోండి. మామూలు గాలి ఒత్తిడిలో అది సుమారు 225 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత కేవలం మూత కాదు, ప్రెషర్ కుక్కర్ మీది వెయిట్ లాంటిది. లోపల 15 పి.ఎస్.ఐ. దాకా ఒత్తిడి నిలబెడుతుంది. ఆ ఒత్తిడిలో అదే ద్రవం సుమారు 265 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. ఇంజన్ 240 డిగ్రీల మీద ఉన్నప్పుడు మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. లోపలిదంతా ఆ క్షణంలోనే మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కూత ఆగని కుక్కర్ మూత ఎవరైనా తీస్తారా? ఇదీ అంతే.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అంది మా శ్రీమతి, వెనక సీట్లోంచి.

"మే నుంచి."

ఆవిడ ఇంకేమీ అనలేదు. మే నుంచి మా అమ్మాయి ఆ వాన్‌లో రోజూ ఉద్యోగానికి వెళ్ళి రాత్రి పదింటికి ఒంటరిగా తిరిగి వస్తోంది. ఆ లెక్క ముగ్గురం మనసులోనే వేసుకున్నాం. టో ట్రక్కు వచ్చేదాకా ఎవరూ మాట్లాడలేదు.

వాన్‌ను చేర్చిన షాపువారు పైపైన చూసి ఒక కాగితం ఇచ్చారు. రేడియేటర్, వాటర్ పంపు, గొట్టాలు, "బహుశా హెడ్ గాస్కెట్" కూడా. మొత్తం 3,400 డాలర్లు. "ఇంత పాత బండికి ఇంత పెట్టడం కన్నా తుక్కుకి ఇచ్చేయడం మేలు" అని సలహా కూడా ఇచ్చారు. కాగితం చూసి మా శ్రీమతి మొట్టమొదటి సారి నోరు విప్పింది. ఆవిడ ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు. "బహుశా అంటే ఏమిటండీ? పరీక్ష చేయకుండానే ఆపరేషనా? జ్వరం ఉందని నాలుగు అవయవాలూ మారుస్తారా? ముందు ఎక్కడ కారుతోందో కనుక్కోండి, తరువాత డబ్బు సంగతి" అంది.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకు, విజయవాడలో ఆదివారం పొద్దున్న ఏడు గంటలకు, నాన్నగారికి ఫోన్ చేశాను. ఆయనకిప్పుడు 76 ఏళ్ళు. "అబ్బాయ్, అందరూ కులాసానా? డబ్బులేమీ పంపకురా, ఉన్నాయి" అని అలవాటుగా మొదలుపెట్టారు. "అది కాదు నాన్నా, బండి నీళ్ళు తాగేస్తోంది. ఏం చేయాలో తెలియడం లేదు" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాను. తరువాత కుర్చీ దగ్గరికి జరుపుకున్న శబ్దం వినిపించింది. నేను అమెరికా వచ్చి 24 ఏళ్ళు. ఇన్నేళ్ళలో నేను ఆయన్ని ఆయనకు తెలిసిన పని గురించి అడగడం అదే మొదలు.

"నీళ్ళు బయటికి పోతున్నాయా, లోపలికి పోతున్నాయా? ముందు అది చెప్పు" అన్నారు. ఆయన అడిగిన ప్రశ్నలు మీ కోసం వరసగా రాస్తున్నాను.

ఒకటి, పొగ గొట్టంలోంచి తెల్లటి పొగ తియ్యటి వాసనతో ఆగకుండా వస్తోందా? రెండు, ఇంజన్ ఆయిల్ కడ్డీ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లబడిందా? మూడు, ఇంజన్ నడుస్తుంటే సీసాలో బుడగలు వస్తున్నాయా? ఈ మూడింటిలో ఏదున్నా నీళ్ళు లోపలికి పోతున్నాయని అనుమానించాలి, అది పెద్ద జబ్బు. ఏవీ లేకపోతే బయటికే పోతున్నాయి, ఓపికుంటే దొరుకుతుంది. నాలుగు, మరక బండి చల్లబడ్డాక పడుతోందా, వేడి మీద పడుతోందా? చల్లబడితే బిగింపుల దగ్గర రబ్బరు సడలి కారుతుంది. వేడి మీద ఒత్తిడికి సన్నటి చీలికలు నోరు తెరుస్తాయి.

ఐదో ప్రశ్న నేను కలిపాను, హీటర్ సంగతి. ఇక్కడి బండ్లలో వేడి కూలెంట్ డాష్‌బోర్డు వెనక చిన్న రేడియేటర్ లాంటి హీటర్ కోర్ గుండా కూడా తిరుగుతుంది. అది చిల్లు పడితే ముందు సీటు కింద కార్పెట్ తడుస్తుంది, అద్దం లోపలివైపు జిడ్డుగా మసకబారుతుంది. "హీటరా? మా లారీలకి హీటరెందుకురా, రోహిణి కార్తె చాలదా?" అని నవ్వారు నాన్నగారు.

మరునాడు ఐదు ప్రశ్నలకూ జవాబు లేదనే తేలింది. మా శ్రీమతి ఇంకా పట్టు వదలలేదు. "లక్షణాలు లేవు సరే, ల్యాబ్ రిపోర్ట్ ఏది?" అంది. ఆటో విడిభాగాల దుకాణాలు చాలా చోట్ల పనిముట్లు అరువిస్తాయి. డిపాజిట్ కట్టి తెచ్చుకుని, తిరిగిచ్చాక డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. అలా రెండు పనిముట్లు తెచ్చాను.

మొదటిది నీలి ద్రవం పరీక్ష. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని ఒక నీలి ద్రవంలోంచి పీల్పిస్తాం. హెడ్ గాస్కెట్ పోయి ఇంజన్‌లో మండిన వాయువులు కూలెంట్‌లోకి వస్తుంటే, అందులోని కార్బన్ డయాక్సైడుకు ఆ నీలం పసుపుగా మారుతుంది. మాది నీలంగానే ఉండిపోయింది. పది నిమిషాలు కన్నార్పకుండా చూశాను. అంత ఆనందంగా నీలి రంగును జీవితంలో ఎప్పుడూ చూడలేదు. అమ్మాయి ముల్లు చూడగానే ఇంజన్ కట్టేయబట్టి హెడ్ దక్కింది.

రెండోది ఒత్తిడి పరీక్ష. చల్లటి ఇంజన్ మీద మూత బదులు చేతి పంపు బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి దాకా గాలి కొట్టాలి, దాన్ని మించకూడదు. ముల్లు అక్కడే నిలబడితే ఆరోగ్యం. మా ముల్లు పది నిమిషాల్లో 15 నుంచి 12కు దిగింది. ఎక్కడో కారుతోందన్నమాట. కానీ టార్చి వేసి ఎంత వెతికినా కళ్ళకు ఆనలేదు.

నాన్నగారికి వీడియో కాల్ చేసి మరక చూపించాను. "మరక దగ్గర ఏం వెతుకుతావురా? నీరు పల్లమెరుగు. చిల్లు ఎప్పుడూ మరక కన్నా పైన ఉంటుంది. పై నుంచి చూసుకుంటూ రా" అన్నారు. నేను జూన్‌లో రెండు శనివారాలు మరకకు వైద్యం చేశానని అప్పుడు అర్థమైంది.

పై నుంచి చూడడానికి ఒక ఉపాయం ఉంది. అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు చిన్న సీసాల్లో దొరుకుతుంది. కూలెంట్‌కి వేరు, ఆయిల్‌కి వేరు, ఎయిర్ కండిషనర్‌కి వేరు, చూసి కొనాలి. కూలెంట్‌లో కలిపి, మా వీధుల్లోనే ముల్లు మీద కన్నేసి ఇరవై నిమిషాలు తిప్పాం. ఇంజన్ చల్లారాక, రాత్రి గరాజ్ దీపాలన్నీ ఆర్పి, పసుపు కళ్ళద్దాలు పెట్టుకుని అమ్మాయి ఊదా రంగు టార్చి పట్టుకుంది. ఫోన్‌లో తాతయ్య.

"నాన్నా, ఇక్కడ!"

రేడియేటర్ ఎడమ పక్కన, బాగా పైన, ఫ్యాన్ చట్రం వెనక, చిలకపచ్చ గీత ఒకటి మెరుస్తోంది. అక్కడి నుంచి అంచు వెంట జారి, కింది కమ్మీ మీద అడుగు దూరం పాకి, కింది గొట్టం దగ్గర బొట్టు కడుతోంది. గొట్టం పాపం నిర్దోషి.

"తాతయ్యా, దొరికింది! చూడండి!" అని టార్చి, ఫోనూ రెండూ లోపలికి దూర్చింది. ఆయన అరచేయి అడ్డం పెట్టుకుని ఫోన్‌లోకి తొంగి చూశారు. పొట్టి చేతుల బనీనులో ఉన్నారు. అమ్మాయికి ఆ మచ్చ కనిపించింది.

"తాతయ్యా, మీ చేతికి ఏమైంది?"

"అదా అమ్మడూ? 1986లో వేసవికాలం. లేలాండ్ లారీ పొగలు కక్కుతూ షెడ్డుకొచ్చింది. క్లీనర్ కుర్రాడు, పద్నాలుగేళ్ళుంటాయి, మూత తిప్పేశాడు. వాణ్ణి పక్కకు లాగేసరికి నా చెయ్యి అడ్డమొచ్చింది. వాడికేం కాలేదులే" అన్నారు.

ఆ కుర్రాడి సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలియదు. నేనెప్పుడూ అడగలేదు.

ఇక చికిత్స. "మాటు వేయించెయ్" అన్నారు నాన్నగారు. ఆ రోజుల్లో రేడియేటర్లు రాగి, ఇత్తడివి. చిల్లు పడితే సత్తుతో మాటు వేస్తే మళ్ళీ పదేళ్ళు. ఇప్పటివాటిలో చాలా వరకు మధ్యలో అల్యూమినియం పలకలు, రెండు పక్కలా ప్లాస్టిక్ తొట్లు, సందులో రబ్బరు పట్టీ. వేలసార్లు వేడెక్కి చల్లారి, ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి అతుకు దగ్గర చీలుతుంది. మాటు పడదు, మార్చాల్సిందే. "ప్లాస్టిక్కా? నిప్పు పక్కన ప్లాస్టిక్కా?" అని ఆయన చాలాసేపు నమ్మలేదు.

"పోనీ, పసుపు వెయ్యి" అన్నారు నవ్వుతూ. మన వైపు లారీ డ్రైవర్లకు తెలిసిన చిట్కా అది. దారి మధ్యలో రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు వేస్తారు, అది ఉబ్బి చిల్లు దగ్గర అడ్డుపడుతుంది. అమెరికాలో దుకాణాల్లో అమ్మే లీకులు ఆపే సీసాల మందు కూడా ఆ పసుపుకి దొరసాని వేషమే. వద్దని నా మనవి. అది చిల్లుకే అడ్డుపడుతుందన్న హామీ లేదు, హీటర్ కోర్‌లోని సన్నటి దారుల్లోనూ పేరుకోవచ్చు. మన మిషిగన్ చలిలో హీటర్ లేకపోతే వణుకుతో సరిపోదు, అద్దం మీది మంచు కరగక దారే కనిపించదు. నాన్నగారు ఒక మాటన్నారు: "పసుపు షెడ్డు దాకా చేర్చడానికిరా. షెడ్డుకొచ్చాక కూడా పసుపే వేసేవాడు డ్రైవరూ కాదు, మెకానిక్కూ కాదు." ఇంటి గరాజ్‌లో నిలబడి రెండు నెలలు నేను పోసింది ఆ పసుపే.

కొత్త రేడియేటర్ 150 డాలర్లు. నేనూ అమ్మాయీ కలిసి ఒక ఆదివారం మార్చాం. చల్లటి ఇంజన్. కింద వెడల్పాటి పళ్ళెం. అడుగున మరతిప్పి కూలెంట్ దింపడం, పైగొట్టం, కిందిగొట్టం, ఫ్యాన్లు, గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబరిచే రెండు సన్న గొట్టాలు, ఇలా ఒక్కొక్కటీ విప్పేముందు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాం. తిరిగి బిగించేటప్పుడు ఆ ఫొటోలే మాకు శ్రీరామరక్ష. మూత కూడా కొత్తది వేశాం. కూలెంట్ నింపాక హీటర్ పూర్తిగా పెట్టి, మూత లేకుండా పొడుగు గరాటు పెట్టి ఇంజన్ నడపాలి, లోపలి గాలి బుడగలన్నీ బయటికొచ్చేదాకా. గాలి చిక్కుకుంటే కొత్త రేడియేటర్ ఉన్నా ఇంజన్ వేడెక్కుతుంది. చల్లారాక మట్టం మళ్ళీ చూసుకోవాలి. మాకు ఐదు గంటలు పట్టింది, అందులో ఒక గంట కిందపడిపోయిన బోల్టు కోసం. మొత్తం ఖర్చు 240 డాలర్లు దాటలేదు.

పాత కూలెంట్‌ను మాత్రం కాలవలో పోయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, చిన్నపిల్లలూ నోట్లో పెట్టుకోవచ్చు. కొద్దిపాటి కూడా ప్రాణాంతకం. శరీరంలో అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాల్లో స్ఫటికాలు కడుతుందని మా శ్రీమతి చెప్పింది. దీనికి ఫోమెపిజోల్ అనే విరుగుడును అమెరికాలో 1997లో ఆమోదించారు. అయితే గంటల్లో ఆసుపత్రికి చేరాలి. 2012 చివరి నుంచి ఇక్కడి తయారీదారులు అందులో చేదు కలపడానికి ఒప్పుకున్నారు, అయినా చేదును నమ్ముకోవద్దు. మూత బిగించిన డబ్బాలో పోసి, మీ కౌంటీలో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. నేల మీది మరక కడిగేయండి.

ఇంజన్ మొదటిసారి నడిపినప్పుడు నాన్నగారు ఫోన్‌లో శబ్దం విన్నారు. "బాగుంది" అన్నారు. ఆ తరువాత, "ఫోర్డు బండికి పంపు లేదు, గుర్తుందా?" అన్నారు. 2012లో అమ్మానాన్నలు వచ్చినప్పుడు డియర్‌బార్న్‌లోని హెన్రీ ఫోర్డు మ్యూజియం చూపించాను. మోడల్ టి కారు ముందు ఆయన అరగంట నిలబడిపోయారు. తొలినాళ్ళలో చేసిన కొన్ని బండ్లు తప్ప, 1908 నుంచి 1927 దాకా తయారైన ఆ కారుకు వాటర్ పంపే లేదు. వేడి నీరు తనంతట తాను పైకెక్కి, రేడియేటర్‌లో చల్లబడి కిందికి దిగుతుంది. ఆ సంగతి ఆయన ఆ ఇంజన్ చూసి పట్టేశారు, నాకు చెప్పబోయారు. "భోజనానికి ఆలస్యమవుతోంది నాన్నా" అన్నాను. పదమూడేళ్ళ తరువాత ఆ మాట పూర్తి చేయించుకున్నాను.

ఆగస్టులో హౌటన్ వెళ్ళాం. వాన్ అమ్మాయే నడిపింది. మాకినాక్ వంతెన మీద, కింద నీళ్ళు మిలమిలలాడుతుంటే, నేను నీళ్ళు చూడలేదు, ముల్లు చూస్తూ కూర్చున్నాను. అది మధ్యలోనే ఉంది. "నాన్నా, నేను చూస్తున్నాలే" అంది అమ్మాయి. ఆ మాట నాదే. ఆ పిల్ల నిజంగానే చూస్తోంది.

చలికాలం వస్తోంది కాబట్టి, ఈ దీపావళి సెలవుల్లో అరగంట మీ బండికివ్వండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సీసాలో మట్టం చూడండి. రెండుసార్లు నింపాల్సి వస్తే మూడోసారి నింపకండి, వెతకండి. నీళ్ళూ కూలెంటూ సగం సగం ఉంటే సున్నాకు దిగువన 34 ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు, నీళ్ళు కలపని ఇథిలీన్ గ్లైకాల్ సున్నాకు పైన 9 డిగ్రీలకే గడ్డకడుతుంది. నీళ్ళు పంపునీళ్ళు కాకుండా డిస్టిల్డ్ వాటర్ పోయండి. దారిలో ముల్లు పైకెక్కితే ఎయిర్ కండిషనర్ ఆపి హీటర్ పూర్తిగా పెట్టండి, వేడి కొంత అటు పోతుంది, వెంటనే వారగా ఆపండి. ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోయినా సంతోషించకండి, కొలిచే పరికరం నీళ్ళలో మునిగి లేకపోతే తప్పు చూపిస్తుంది. మూత మాత్రం పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోవద్దు.

మా అమ్మాయి ప్రతి ఆదివారం హుడ్ ఎత్తి, కూలెంట్ సీసా ఫొటో తీసి పంపుతోంది. నాకు కాదు, విజయవాడకు. ఆయన చూసి "బాగుంది అమ్మడూ" అని జవాబిస్తారు. ఆ తరువాత నాకు ఫోన్ చేసి చెబుతారు. ఈ మధ్య డబ్బుల సంగతితో మొదలుపెట్టడం లేదు.

అందరికీ దీపావళి శుభాకాంక్షలు. మళ్ళీ ఉగాది సంచికలో కలుద్దాం.